ఆముదం కాళ్ల గురిచట్రం

రత్నగుట్ట సంస్థానాన్ని ఏలే చిత్తరంగ భూపాలుడికి ఉన్నట్టుండి విలువిద్య మీద మనసు పుట్టింది. అడవికి పోతే ఎండ, ముళ్లు. అందుకని కోట వెనక పెరట్లోనే గురి పెట్టించమన్నాడు. వరిగడ్డితో దళసరిగా అల్లిన చాప, దాని నడుమ ఎర్రటి చుక్క, దాన్ని నిలబెట్టడానికి రెండు కాళ్ల కొయ్యచట్రం. వడ్రంగి లింగాచారి అన్నీ శ్రద్ధగా అమర్చిపెట్టాడు.

పొద్దెక్కేసరికి చట్రం కూలింది. మద్దికర్రతో చేశాడు, అదీ కూలింది. టేకుతో చేశాడు. టేకు కాస్త మర్యాద తెలిసిన కర్ర కనక మరో గడియ ఆగి కూలింది.

ఆ సంస్థానంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏలినవారు విల్లు ఎక్కుపెడితే చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు వంచాలి. బాణం వదిలిన చప్పుడు వినగానే "తగిలింది! తగిలింది!" అనాలి. ప్రభువుకు దూరపు చూపు అంతంతమాత్రం. తగిలిందంటే తగిలిందనే నమ్మేవాడు.

"నా బాణాల ధాటికి ఆగే చట్రమే లేదా?" అని విసుక్కున్నాడు.

"లింగాచారి పుచ్చుకర్ర వాడుతున్నాడు ప్రభూ," అన్నాడు ఆయుధశాల అధికారి వీరకేసరి. మీసం దువ్వడానికే ఒక నౌకరును పెట్టుకున్న మనిషి.

లింగాచారిని చెరసాల కొట్లో వేశారు. ఒక పూటంతా నిలిచే చట్రం వచ్చేదాకా వదలరట. వడ్రంగి కొట్లో ఉంటే చట్రం ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు.

వడ్రంగి భార్య గౌరమ్మ ఏడుస్తూ ఆస్థాన హాస్యగాడు కోనప్ప ఇంటికొచ్చింది.

"అయ్యా, మా ఆయన పుచ్చుకర్ర ముట్టిన మనిషి కాడు. మీరే దారి చూపాలి."

కోనప్ప వెంటనే లేచాడు. పెరట్లోకి పోయి విరిగిన చట్రాలు చూశాడు. కాళ్ల నిండా బాణాలే. చాప మాత్రం అంగడిలోంచి అప్పుడే తెచ్చినట్టుంది. సంగతి అర్థమైంది. అర్థం కావడం తేలికే, పిల్లి మెడలో గంట కట్టడమే కష్టం. "మీకు గురి రాదు ప్రభూ" అన్నవాడికి లింగాచారి పక్కనే చోటు చూపిస్తారు.

ఈలోగా వీరకేసరి ఇనుప చట్రం చేయించి, ఎడ్లబండి మీద మేళతాళాలతో తెచ్చాడు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. తొలి బాణం ఇనుపకాలికి తగిలి, ఖంగుమని వెనక్కి తిరిగి, వీరకేసరి పాగా ఎగరగొట్టుకుపోయింది.

"తగిలింది!" అన్నారంతా, వంచిన తల ఎత్తకుండానే.

"నా పాగా దారికి అడ్డొచ్చింది ప్రభూ, మన్నించాలి," అన్నాడు వీరకేసరి.

అప్పుడు కోనప్ప ముందుకొచ్చాడు.

"లింగాచారిని ఒక్కరోజు వదలండి ప్రభూ. ఖజానాకు చిల్లిగవ్వ ఖర్చు లేకుండా చట్రం చేయిస్తాను. కూలితే ఆయనతో పాటు నన్నూ కొట్లో వేయండి."

మర్నాడు పొద్దున్నే చట్రం సిద్ధమైంది. దొడ్డి కంచెలోంచి పీకిన రెండు ఆముదం కట్టెలు, వాటికి కొబ్బరితాడుతో కట్టిన పాత చాప. వీరకేసరి పడీపడీ నవ్వాడు. చాప మీద చుక్క లేదు. కాళ్ల మీద చెరొకటి ఉంది.

"అదేమిటోయ్, చుక్కలు కాళ్లకు పెట్టావు?" అన్నాడు ప్రభువు.

"ఈ పూటకు వాటినే కొట్టండి ప్రభూ. కారణం తరవాత మనవి చేసుకుంటాను."

ప్రభువు కాళ్లకే గురిపెట్టాడు. పొదిలో ఒక్క బాణం మిగిలేదాకా వేస్తూనే ఉన్నాడు. కొన్ని చాపలో దిగాయి, కొన్ని వెనక మట్టికట్టలో. ఒకటి ఏనుగుల సాల కప్పెక్కింది. లింగాచారి కళ్లు మూసుకుని ఇలవేల్పుకు దణ్ణాలు పెడుతూనే ఉన్నాడు. పూట గడిచింది. ఆముదం కట్టెల మీద గీత కూడా పడలేదు.

"మోసం! లోపల ఇనుము దూర్చారు!" అంటూ వీరకేసరి పరుగున పోయి కట్టెను తట్టి చూశాడు. డొల్ల.

"టేకు కూలింది. ఈ పుల్లలెలా నిలిచాయి కోనప్పా?" అని అడిగాడు ప్రభువు.

కోనప్ప చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారు దేనిమీద దృష్టి పెడితే దానికి ఈ రాజ్యంలో ఏ హానీ జరగదు ప్రభూ. ఇన్నాళ్లూ ఆ చల్లని చూపు చాపకే దక్కింది. పాపం, కాళ్లను పట్టించుకున్నవారు లేరు."

ప్రభువు కళ్లు చిట్లించి చాపను చూశాడు, కాళ్లను చూశాడు, ఏనుగుల సాల కప్పును చూశాడు. తరవాత మిగిలిన ఆ ఒక్క బాణం తీసి విల్లుకు తొడిగాడు.

"వీరకేసరీ, అక్కడే ఆగు. నా గురి సంగతి అందరికన్నా నీకే బాగా తెలుసు. చట్రం పక్కనే ఉన్నావు. ఎటు గురిపెట్టమంటావు?"

వీరకేసరి క్షణం కూడా ఆలోచించలేదు.

"నా మీదికే పెట్టండి ప్రభూ!"

ముందు ప్రభువే నవ్వాడు, విల్లు చేజారేంతగా. ఆ తరవాత పరివారమంతా తలలెత్తి నవ్వింది. ప్రభువు భుజాన ఉన్న శాలువా లింగాచారికి, చేతి కంకణం కోనప్పకు అక్కడికక్కడే దక్కాయి.