కొమ్మన్న ఉన్ని, మైలెద్దు మోకాలు

రౌద్రి నామ సంవత్సరం, వైశాఖ మాసం. అడవి అంచున జంతువులు గింజలు దాచుకునే కొట్టు ఒకటి ఉండేది. దానికి అధికారి కొమ్మన్న అనే పొట్టేలు. మనసు మంచిదే. కానీ తన ఉన్ని మీద ఎంత మమకారమంటే, మూడేళ్లుగా ఎవరినీ కత్తిరించనివ్వలేదు.

వాకిట్లో గుమాస్తా నక్క. పెద్దవారు నిండా ఉన్నితో కూర్చుంటే కిందివాళ్లు వట్టి ఒంటితో తిరగడం కొలువుకు మర్యాద కాదని అది ఒకరోజు చెవిలో వేసింది. కొమ్మన్నకు ఆ మాట నచ్చింది. ఆ రోజు నుంచి కొట్టులో పనిచేసే ప్రతి జంతువూ నల్ల గొంగడి కప్పుకోవాల్సిందే అంది.

వైశాఖంలో గొంగడి. అందరికీ ఉడికిపోయింది. అందుకని కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టించారు. అవి ఆరకుండా నీళ్లు చల్లాలి. ఆ నీళ్లు, బావి పక్క వాలులో దిగుతూ తోలు బానతో లాగేది ముసలి మైలెద్దు. జత ఎద్దు పోయిన ఏడాదే చనిపోయింది కాబట్టి ఒంటరిగా లాగేది. ఇదివరకు పొద్దున నాలుగు బానలు లాగితే అందరి దాహానికీ సరిపోయేవి. ఇప్పుడు పొద్దు గూకేదాకా లాగుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం తడిక వెనక నుంచి కొమ్మన్న కేకేసింది.

"మామా, తడిక ఆరిపోయింది. నిద్రపోతున్నావా?"

"లేదు అల్లుడా. మోకాలు ఆగి ఆలోచిస్తోంది."

వయసు మళ్లితే బద్ధకానికి మాటలు బాగా వస్తాయని నక్క గొణిగింది. కొమ్మన్న నమ్మింది.

మూల గంపలో పొదుగుతున్న చుక్కలపెట్ట ఇదంతా విన్నది. గొంగళ్లు వచ్చినప్పటి నుంచి, అది మేతకు లేచినప్పుడల్లా గంపలో గుడ్డు ఒకటి తగ్గుతోంది. అది కొమ్మన్న దగ్గరకు వెళ్లి, ఎద్దుది బద్ధకమో కాదో పక్కన నడిచి చూస్తే తేలిపోతుందని, మర్యాద చెడకుండా ఉన్నితోనే వెళ్లమని వినయంగా చెప్పింది.

కొమ్మన్న వెళ్లింది. మొదటి బానకు తల ఎత్తుకుని నడిచింది. రెండో బానకు నాలుక బయటపెట్టింది. మూడో బానకు వాలు మీద కూలబడింది. ఎద్దు ఆ బానలో సగం నీళ్లు దాని మీద కుమ్మరించి, మిగతావి దాని ముందు పెట్టింది.

"ఇవి తడికకు కదా మామా."

"తడికకు ప్రాణం లేదు. నువ్వు తాగు."

తాగుతూ కొమ్మన్న ఎద్దు కుడి మోకాలు చూసింది. మారేడుకాయంత వాచి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"గొంగళ్లు వచ్చినప్పటి నుంచి."

"చెప్పలేదేం?"

"చెబుతూనే ఉన్నాను. నువ్వు చల్లగా కూర్చున్నావు, వినపడలేదు."

ఆ సాయంత్రమే కొమ్మన్న ఎలుకలను పిలిచి ఉన్ని అంతా కొరికించుకుంది. మర్నాడు బక్కచిక్కిన వట్టి ఒంటితో కొలువుకు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. పెట్ట మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది. తడికలు విప్పేయమని, గొంగళ్లు తీసేసి గాలికి కూర్చుని పని చేసుకోమని కొమ్మన్న చెప్పింది.

అందరూ తీశారు. నక్క తీయలేదు.

"నాకు జలుబు చేసింది దొరా."

"ఈ ఎండల్లో జలుబేంటి బావా," అంటూ పెట్ట దాని గొంగడి అంచు పట్టి లాగింది. రెండు గుడ్లు దొర్లి కొమ్మన్న కాళ్ల దగ్గర ఆగాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పెట్ట వాటిని గంపలోకి దొర్లించుకుని మీద కూర్చుంది. మళ్లీ తల ఎత్తి చూసేసరికి వాకిట్లో గొంగడి ఉంది, నక్క లేదు.

కొరికిన ఉన్ని అంతా మోసుకెళ్లి కొమ్మన్న ఎద్దు పడుకునే చోట పరిచింది.

"ఇన్నాళ్లకు పనికొచ్చింది అల్లుడా," అంది ఎద్దు, మెల్లగా వాలుతూ.

తన ఒంటి బరువు తాను దించుకుంటే పోయే ఉక్కకు, ఇంకొకరి చెమట ఖర్చు పెట్టకూడదు.

మైలెద్దు కుడి మోకాలు మాత్రం బిగుసుకుపోయి, మళ్లీ ఎన్నడూ వంగలేదు.