సన్నమ్మ బోర్లించిన కుండ

అనగనగా ఒక ఊరు. ఎప్పటి ఊరో, ఎక్కడి ఊరో మీరు అడగాలి. అడగరు. ఎవరేం చెప్పినా తలూపే రకం మీరు. సరే, వినండి.

ఆ ఊరికి ఒక కాలువ. కాలువకి ఒక తూము. తూము తీసే హక్కు ఊరిపెద్దది. పెద్దని ఊరే ఎన్నుకునేది. నిలబడ్డవాళ్ళకి తలో కుండ ఇచ్చి, వాటిని తడిక చాటున పెట్టేవారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, నచ్చినవాడి కుండలో చింతగింజ వేసి రావాలి. ఎక్కువ గింజలు పడ్డవాడే పెద్ద.

ఒకసారి దాలినాయుడు గెలిచాడు. నీళ్ళన్నీ తన పొలానికే మళ్ళించుకున్నాడు. రెండోసారీ గెలిచాడు. మూడోసారీ గెలిచాడు. ఊళ్ళో ఎవర్ని కదిపినా ఇదే మాట.

"నువ్వేసినావేటి?"

"నానెయ్యలేదు. నువ్వే ఏసుంటావు."

అన్న తమ్ముణ్ణి అనుమానించాడు. అత్త కోడల్ని అనుమానించింది. పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళతో మాటలు మానేశారు. కుండని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

అనుమానించింది ఆ కుండలు చేసే సన్నమ్మ ఒక్కతే. మొగుడు పోయిన మనిషి. ఎర్రన్న అని ఒక్కడే కొడుకు. పెద్దవాళ్ళకి చెబితే వినరని, మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళనీ వాళ్ళ ఈడు ఆడపిల్లల్నీ పిలిచి కూర్చోబెట్టింది. మూతి ఇరుకు కుండ ఒకటి ముందు పెట్టింది.

"ఇది ఒట్టి కుండ. ఇందులో ఏటుంది?"

"ఏటీ లేదు."

"ఎలా తెలుసు?"

"నువ్వే ఒట్టిదన్నావు గదా మామ్మా."

కుండ బోర్లించింది. బూడిద రాలింది.

మర్నాడు అదే కుండ పెట్టింది. "ఇయాల ఏటుంది?"

"బూడిద."

"ఎలా తెలుసు?"

"నిన్న ఉంది గదా."

కుండ బోర్లించింది. ఏమీ రాలలేదు.

మూడోనాడు అడిగితే పైడమ్మ అనే పిల్ల లేచి, తనే కుండ బోర్లించింది.

"అదీ చదువంటే," అంది సన్నమ్మ.

మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి దాలినాయుడి మీద ఎర్రన్నే నిలబడ్డాడు. గింజలు వేయబోయే ముందు పైడమ్మ అడ్డం వచ్చింది.

"నాయుడుగారూ, కుండ బోర్లించండి."

"నన్నే అనుమానిస్తావా?"

"మిమ్మల్ని కాదండీ. కుండని."

పిల్లలందరూ ఆమె వెనక నిలబడ్డారు. నాయుడికి తప్పలేదు. కుండ బోర్లిస్తే చింతగింజలు జలజలా రాలాయి. ఊరు గోల గోల అయిపోయింది. ఇంక ఎర్రన్నే పెద్ద అన్నారు.

పైడమ్మ కదల్లేదు. "మామ్మా, నీ కొడుకు కుండ కూడా బోర్లించు."

"చదువు చెప్పిన మనిషినే అంటావా?" అని జనం ఆ పిల్ల మీద పడ్డారు.

సన్నమ్మ కొడుకు మొహం చూసింది. వాడు తల వంచుకున్నాడు. బోర్లిస్తే కొడుకు పరువు పోతుంది. బోర్లించకపోతే తను చెప్పిన చదువు పోతుంది. తనే కుండ ఎత్తి బోర్లించింది.

గింజలు రాలాయి.

"ఆడు ఏస్తాడని తెలిసే నానూ ఏసినానమ్మా," అన్నాడు ఎర్రన్న.

సన్నమ్మ పైడమ్మ వైపు తిరిగింది. "బాగా నేర్చుకున్నావే తల్లీ," అని పైడమ్మ తల నిమిరింది. ఆ తర్వాత ఏడ్చింది.

ఆ ఏడు ఇద్దర్నీ కాదని ఇంకొకర్ని ఎన్నుకున్నారు. నీళ్ళు అందరి పొలాలకీ పారాయి. ఎర్రన్న మాత్రం తల్లి పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. కొడుకు చేసిన పని ఆమెకి ముందే తెలుసేమోనని కొందరు గుసగుసలాడారు. ఆ మాట మోస్తూనే పోయింది పాపం.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్దని ఎన్నుకోవాలంటే, నిలబడ్డవాడి కుండని వాడి తల్లే అందరి ముందూ బోర్లించాలి. తల్లి లేనివాడు "సన్నమ్మే మా అమ్మ" అని చెప్పి తనే బోర్లిస్తాడు. బోర్లించమని అడిగేది మాత్రం కొత్తగా గింజ వేయబోయే పిల్లలు. బోర్లించాక కుండ అడుగున మూడుసార్లు తట్టి మరీ చూస్తారు. ఏమీ రాలలేదని తేలాకే ఆ తల్లి ఊపిరి పీల్చుకుంటుంది.