బయటి తిన్నె

అమ్మాయిల పోటీ ఒడ్డు పక్కన చిన్న అలల్లోనే అని మైకులో చెప్పగానే నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది.

రాష్ట్ర సర్ఫింగ్ జట్టుకి ఎంపిక ఆ రోజే. మగవాళ్లందరూ వంద గజాల అవతల, నీటి అడుగునున్న ఇసుక తిన్నె మీద విరుగుతున్న నిలువెత్తు అలలెక్కి వచ్చారు. ఆడవాళ్లకి మాత్రం నడుంలోతు నురుగు. అదేమంటే, మీ క్షేమం కోసమే అన్నారు టెంటులో కూర్చున్న నిర్వాహకులు.

పదకొండేళ్లుగా ఆమె ఆడుతున్నది ఆ బయటి తిన్నె మీదే. నేర్పింది పోలయ్య తాత. డెబ్బై ఏళ్ల మనిషి. తెప్ప మీద వేటకెళ్లి, అలల మీద తేలుతూ ఒడ్డుకొచ్చిన కాలం నాటివాడు.

నూకరత్నం బోర్డు చంకన పెట్టుకుని, బయటి తిన్నెకే పోవాలని ఎదురుగా లేచిన అలలోకి ఉరికింది. అది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా కూలి ఆమెను ఒడ్డున విసిరేసింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ విసిరేసింది. మూడోసారి బోర్డు అంచు తగిలి నుదురు చిట్లింది.

నాలుగోసారి లేవబోతుంటే పోలయ్య వచ్చి బోర్డు పట్టుకున్నాడు.

"ఎవులి మీదే నీ కోపం?"

"ఇంకెవరి మీద? ఆ టెంటులో కూర్చున్నోళ్ల మీద!"

పోలయ్య బోర్డుని ఇసకలో ఈడ్చి, దాని మూతి టెంటు వైపు తిప్పి పెట్టాడు.

"మరి సముద్రంలోకెందుకెల్తన్నావు? ఇటెల్లు."

నూకరత్నం అతని ముఖంలోకి చూసింది. నవ్వడం లేదు. ఆమె తడి బట్టలతోనే టెంటులోకి నడిచింది.

"నా క్షేమానికి నాదే బాధ్యత అని నిన్న సంతకం పెట్టించుకున్నారు కద సార్. మగవాళ్ల దగ్గరా అదే కాగితం. మరి వాళ్లకో సముద్రం, మాకో సముద్రమా?"

నిర్వాహకుడు ప్రభాకర్ తల ఎత్తలేదు. "బయటి తిన్నెకి వెళ్తే జాబితాలోంచి పేరు కొట్టేస్తాం."

"పెన్నివ్వండి."

ఆయన ఇచ్చేలోపే బల్ల మీద పెన్ను తీసుకుంది. తన పేరు తనే అడ్డంగా కొట్టేసింది.

తిరిగొచ్చేసరికి కోపం దిగింది. బోర్డు ఎత్తబోతే పోలయ్య కూర్చోమన్నట్టు ఇసకని చేత్తో తట్టాడు. కూర్చుంది. ఆ పొద్దు మొదటిసారి సముద్రాన్ని చూసింది.

నేల గాలి ఇంకా ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తోంది. అలల మొహాలు నున్నగా నిలబడుతున్నాయి. ఎదురుగా లేచినవి మాత్రం గోడల్లా ఒక్కసారే కూలిపోతున్నాయి. దక్షిణాన ఒకచోట అల విరగడం లేదు. అక్కడ నీళ్లు నల్లగా ఉన్నాయి. ఒడ్డు నురుగంతా ఆ దారినే లోపలికి పోతోంది.

చాలాసేపటికి లేచింది. పోలయ్య ఆపలేదు.

ఆ నల్లనీటిలో బోర్డు వేయగానే ప్రవాహమే ఆమెను తిన్నె దాకా మోసుకుపోయింది. రెండు అలలు వదిలేసింది. మూడోదాని మీద లేచి నిలబడింది. దాని మొహం మీద పక్కకి జారుతూ, ఒడ్డున అందరూ చూస్తుండగా చివరికంటా వచ్చింది. మైకులో ఎవరూ ఆమె పేరు చెప్పలేదు.

"ఎలాగుందే లోన?" అన్నాడు పోలయ్య.

టెంటు సంగతి ఆమెకి గుర్తే రాలేదు. నుదుటి మీది రక్తం తుడుచుకుంటూ గబగబా చెప్పుకుపోయింది. "మొన్నటి వాయుగుండానికి తిన్నె దక్షిణానికి జరిగిపోయింది తాతా. ఆ చివర అల ఒక్కసారే కూలకుండా మెల్లగా విచ్చుకుంటంది. ఇంకో గంట బాగుంటాది, సముద్రం గాలి తిరిగేదాకా..."

పోలయ్య గడ్డంతో ఆమె వెనక్కి చూపించాడు.

వెనక ఐదుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. జాబితాలో మిగిలినవాళ్లు. అందరి చంకల్లోనూ బోర్డులున్నాయి.

"నాకెందుకే," అన్నాడు. "ఆళ్లకి సెప్పు."