మూడు ముళ్ళ గుడ్డ

ముంగిస ఓబులమ్మకి నాలుగేళ్ళు. నేల తుడిచిన గుడ్డ ఉతికి ఎండలో ఆరేయందే ఆమె తిండి ముట్టదు.

అడవి అంచున ఒక పాత రాతి సత్రం. వానలు ముదిరితే చిన్న జంతువులన్నీ అక్కడికే చేరతాయి. అందులో తూర్పు సగం ఊడ్చి తుడిచే పని ఓబులమ్మది, పడమటి సగం నక్క జంబయ్యది. ఇద్దరి మీదా పెద్ద ఎలుగుబంటి భల్లయ్య.

ఓబులమ్మ దగ్గర మూడు గుడ్డలుండేవి. పనవగానే చీపురు దులిపి మేకుకి తగిలించి, గుడ్డలు విడివిడిగా కుంకుడు రసంలో ఉతికి కంచె మీద ఆరేసేది. జంబయ్యకి ఒక్కటే గుడ్డ. పనయ్యాక మూలకి విసిరేస్తే అది పడుకునేది కాదు, అట్టకట్టి నిలబడేది.

"తుడిచే గుడ్డని కూడా ఉతుకుతావేంటి వదినా? రేపు ఉతికిన నీళ్ళని కూడా ఉతుకుతావా?" అనేవాడు జంబయ్య, నీడలో కాళ్ళు చాపుకుని.

"నీ గుడ్డతో తుడిస్తే నేల శుభ్రపడదు జంబయ్యా. నేలకున్న మురికి గిన్నెకీ, గిన్నెకున్నది నేలకీ చేరుతుంది."

"మగాణ్ణి, తుడవటమే ఎక్కువ. పైగా ఉతకటం కూడానా?"

"తోకతో ఊడిస్తే చీపురు ఖర్చు కూడా ఉండదు కదా" అని ఓబులమ్మ గుడ్డ పిండింది. ఆ నీళ్ళు ఎలా పడ్డాయో గానీ జంబయ్య మొహం మీదే పడ్డాయి.

వానాకాలం ఇంక వారం ఉందనగా భల్లయ్య ఇద్దరినీ పిలిచాడు.

"నిరుడు సత్రంలో సగంమందికి కడుపులు చెడ్డాయి. ఈ ఏడు ఇద్దరు వద్దు, ఒక్కరే చూసుకోవాలి. వాళ్ళకి అటక మీద గది ఇస్తాను. రేపు భోజనానికొస్తా. నేల చూడను. నేల ఎవరైనా ఒక్కరోజు మెరిపిస్తారు. తుడిచే గుడ్డలు చూస్తా."

ఓబులమ్మ తలెత్తి అటకకేసి చూసింది. నిరుడు ఆమె బొరియలోకి వాన నీళ్ళొచ్చి పిల్లలిద్దరూ నెల రోజులు దగ్గారు. మొగుడు పాముల వేటకని వెళ్ళి పొరుగు అడవిలో స్థిరపడ్డాడు. ఆ అటక గది వస్తేనే ఈ ఏడు పిల్లలు పొడిగా పడుకుంటారు.

మర్నాడు పొద్దున జంబయ్య తన గుడ్డని నీళ్ళలో ముంచాడు. అది తేలింది. కర్రతో తోస్తే మళ్ళీ తేలింది. "ఇది జరిగే పని కాదు" అనుకుని ఓబులమ్మ కంచె దగ్గరికి పిల్లిలా నడిచాడు. మూడు గుడ్డల్లో మల్లెపువ్వులా ఉన్నదాన్ని లాక్కుని ఉడాయించాడు.

పిల్లలకి తిండి పెడుతున్న ఓబులమ్మ బొరియలోంచి చూసింది. "ఒరే దొంగ..." అని నోరు తెరిచి, వాడు తీసుకెళ్ళింది ఏ గుడ్డో చూసి, మూసేసుకుంది.

మధ్యాహ్నం భల్లయ్య వచ్చి ముందు జంబయ్య వైపే కూర్చున్నాడు. జంబయ్య తెల్లటి గుడ్డతో విస్తరాకు తళతళలాడేట్టు తుడిచి తేనెపట్టు ముక్క వడ్డించాడు.

"ఇంత తెల్లగా నువ్వే ఉతికావా?"

"నా చేతుల్తోనే అయ్యా. చూడండి, మొహం తుడుచుకోవచ్చు!" అంటూ జంబయ్య ఆ గుడ్డతో మూతి, మీసాలు, నాలుక చివర కూడా తుడుచుకున్నాడు.

"మరి అంచున వేసిన ఈ ముళ్ళేంటి?"

రెండేళ్ళుగా ఆ కంచె పక్కనే నడుస్తున్నా గుడ్డల అంచుకి ముళ్ళెందుకని జంబయ్య ఒక్కనాడూ అడగలేదు. అయినా తడుముకోలేదు. "మూడు ముళ్ళండీ! అంతకంటే పవిత్రం ఏముంటుంది?"

భల్లయ్య తేనెపట్టు నోటిదాకా తెచ్చాడు.

"ఆగండి పెద్దయ్యా, తినకండి" అంది ఓబులమ్మ గుమ్మంలోంచి. "ఆ ముళ్ళు నేను వేసినవి. ఒక ముడి గుడ్డ గిన్నెలకి, రెండు ముళ్ళది నేలకి. అవి రెండూ నా కంచె మీద ఉన్నాయి, చూసుకోండి. మూడు ముళ్ళది మురుగు తూముకి."

జంబయ్య నాలుక బయటే ఉండిపోయింది.

"తూము గుడ్డ అన్నిటికంటే తెల్లగా ఎలా ఉంది?" అన్నాడు భల్లయ్య అనుమానంగా.

"ఎక్కువ మురికి పట్టేదాన్నే రోజూ బూడిద నీళ్ళలో ఉడకబెడతాను. ఉతికేవాళ్ళకి అది తెలుస్తుంది. తెలుపు చూసి ఎత్తుకెళ్ళేవాళ్ళకి తెలీదు."

జంబయ్య వాగుకేసి పరిగెత్తాడు. భల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వి అటక తాళం ఓబులమ్మ చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి నీ గుడ్డలు కూడా వాడి చేతే ఉతికిస్తానమ్మా."

"వద్దు పెద్దయ్యా. ఆయన ఉతికినవి మళ్ళీ నేనే ఉతుక్కోవాలి. తన గుడ్డ తనని ఉతుక్కోమనండి, అదే పదివేలు."

పక్కవాళ్ళ పని ఎత్తుకుపోవచ్చు గానీ, ఆ పని తెలియనివాడు దాన్ని మూతికే పూసుకుంటాడు.

ఆ ఏడు వాన పడ్డ ప్రతిసారీ జంబయ్య తడిసి వచ్చి అటక తలుపు తట్టాడు. ఓబులమ్మ తీయలేదు.