మూడిళ్ల పెరుగు

జోగారావు మాస్టారికి వాదించడం చేతకాదు. సందేహం అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి ఊరుకుంటారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర ఐరోపా భాషలు నేర్చినవాళ్లంతా ముందు ఆయన మొక్కలకు నీళ్లు పోసినవాళ్లే.

కనకరాజు ఆయన శిష్యుల్లో చురుకైనవాడు, కాస్త తొందరమనిషి కూడా. వాళ్లు కూరుస్తున్న ఐరోపా భాషల నిఘంటువు ఆ వారమే అచ్చుకు వెళ్లాలి. ‘గిఫ్ట్’ అని రాసే చిన్నమాట దగ్గర అతని కలం ఆగిపోయింది. ఆ మాట ఇంగ్లీషువాడికి కానుక, జర్మన్‌వాడికి విషం. స్వీడన్‌లో పెళ్లయినవాళ్లను కూడా అలాగే అంటారట. స్వీడిష్ అర్థాలన్నీ రెండేళ్లు కూర్చుని రాసింది ఝాన్సీ అనే తోటి శిష్యురాలు.

"ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే కదండీ మాస్టారూ. ఇవ్వడంలోంచి పుట్టిన మాట విషమెలా అవుతుందండీ? అసలు అర్థం ఒక్కటి ఉంచి, చెడిపోయినవి కొట్టేద్దాం. ఝాన్సీ రాసినవీ తీసేస్తాను" అన్నాడు.

మాస్టారు మూడు గిన్నెలు అతని చేతికిచ్చారు. "మా ఇంటావిడ పోయి ఏడాదైంది. ఆవిడ పెరుగు తినాలనుంది బాబూ. పాలల్లో తోడువేసుకోవడానికి ఆవిడ దగ్గర పెరుగు పట్టికెళ్లిన ఇళ్లు మన వీధిలో మూడున్నాయి. రోజూ అదే తోడుతో నడుపుకుంటున్నారు. ఇంతింత అడిగి పట్రా."

అచ్చు నెత్తిమీద ఉంటే పెరుగేమిటని సణుగుతూనే వెళ్లాడు కనకరాజు. మొదటి ఇంట్లో గేదెపాలు. పెరుగు కత్తితో కోయవచ్చు. రెండో ఇంట్లో ఆవుపాలు, గిన్నె వంచితే జారిపోయేలా ఉంది. మూడో ఇంటి పులుపుకు చింతపండు సిగ్గుపడాలి. ముగ్గురూ ఒకటే మాట అన్నారు: "సూరమ్మగారి పెరుగే నాయనా ఇది." మూడో ఇంటావిడ ఆ మాట అంటూ కళ్లు తుడుచుకుంది.

గిన్నెలు వంటింటి గట్టుమీద పెట్టి, కనకరాజు మూడూ రుచి చూశాడు. "గట్టిదే అమ్మగారిదండీ. ఈ రెండూ పాడైపోయాయి" అంటూ పులిసిన పెరుగును తొట్టిలో పారబోయబోయాడు.

ఎన్నడూ విసురుగా కదలని మాస్టారు ఒక్క అంగలో వచ్చి ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకున్నారు. సూరమ్మగారి పెరుగుకుండ ఏడాదిగా అలమర మీద బోర్లించే ఉంది.

మాస్టారు అన్నారు: "ఈ మూడింట్లో ఆవిడది కానిదేదో చూపించు బాబూ, పారబోద్దాం."