ఎర్రక్క గంటల కొలత

వెనకటికి రేగులగడ్డను ఏలిన గజవర్ధనుడికి తన రాజ్యంలో గంటలన్నీ ఒకే తీరుగా ఉండాలనిపించింది. కంచు గంటలు పోసే ఎర్రక్కను కోట ముంగిటికి పిలిపించాడు.

"మేక మెడలో గంట నుంచి బురుజు మీది గంట దాకా ప్రతి పరిమాణానికీ నమూనా తేవాలి. ఒక్కటి తప్పినా నీ కొలిమి ఆర్పిస్తా" అన్నాడు.

మర్నాడు ఎర్రక్క ఒక తాడు పట్టుకొచ్చింది.

"నమూనాలేవీ?" రాజు గద్దించాడు.

"ఇదే ప్రభూ. మూతి ఎంత వెడల్పు కావాలో అంత తాడు తీసుకోండి. గంట ఎత్తూ అంతే. తాడు సగానికి మడిస్తే పైభాగం వెడల్పు. ఆ సగాన్ని ఇంకో మూడుసార్లు మడిస్తే అంచు మందం. మూతి మారితే మిగతావన్నీ దాని వెంటే మారతాయి."

రాజు తన ఉంగరమంత మూతి అడిగాడు. మైనంతో చేసి చూపింది. ఏనుగు పాదమంత అడిగాడు. మట్టితో చేసింది. రెండూ తల్లీపిల్లల్లా ఉన్నాయి. చూస్తున్నవాళ్లు నోళ్లు తెరిచారు.

రాజుకు పౌరుషం వచ్చింది. "నా రాజ్యమంత వెడల్పు గంట కావాలి!"

"కొలతలు సిద్ధమే ప్రభూ. వేలాడదీయడానికి దూలం ఎక్కడుందో మీరు చూపించండి."

రాజు తనకు తెలియకుండానే తలెత్తాడు. ఆకాశం నిండా గంట కనిపించినట్టయింది. తల దించి, మెల్లగా అన్నాడు:

"కూర్చో తల్లీ."

తన పక్కనే పీట వేయించాడు.