గింజల కుప్ప మీద కూడా గీరే కోడి

ఒకప్పుడు కోళ్లు నేలను గీరేవి కావు. వాకిట్లో గింజలు చల్లితే ఒక్కొక్కటే ఏరుకుని తినేవి. కడుపు నిండగానే ముక్కు నేలకు రాసుకుని, పేరంటం ముగించుకున్న ముత్తైదువుల్లా తాపీగా వెళ్ళిపోయేవి. నమ్మరు కదూ? నిజమే చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఓబుళమ్మ అనే అవ్వకు ఒక నల్లపెట్ట ఉండేది. అది ఏడు పిల్లల్ని పొదిగి లేపిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. ఇంట్లో మిగిలింది ఒక్క కుండెడు కొర్రలు.

ఓబుళమ్మ చెడ్డది కాదు, పాపం. పనిచేసే నోటికే ముందు ముద్ద అనేది వాళ్ళ ఊరి కట్టుబాటు. దున్నే ఎద్దుకు ఇంత, తనకు ఇంత, గుడ్లు పెట్టే పెట్టకు ఇంత. పిల్లలకు వేరే వంతు లేదు.

"నా వంతు ఏడుగురికీ చాలడంలేదవ్వా. పిల్లలు తూలిపోతాండాయి," అంది నల్లపెట్ట.

"గోరంత పొట్టలు, ఓర్చుకుంటాయిలే. వానలు పడినాక తిన్నంత పెడతా," అంది ఓబుళమ్మ.

పిల్లలు ఏం చేస్తాయి? నేలనే బతిమాలాయి.

"నా దగ్గర మాత్రం ఏముంది నాయనలారా? గీరి చూసుకోండి. చీమో పురుగో దొరికితే మీదే," అంది నేల.

ఆ లేతకాళ్ళు పొద్దస్తమానం గీరాయి. ఒకరోజు దొరికితే మూడు రోజులు పస్తు. 

చివరికి వాన పడింది, కొర్ర పండింది. అవ్వ మాట తప్పలేదు. అప్పటికి ఎదిగిన ఆ పిల్లల ముందు కొర్రలు కుప్పగా పోసింది. అవి కుప్పెక్కి తిన్నాయి. కడుపు నిండాక కూడా ఆగకుండా గబగబా గీరడం మొదలుపెట్టాయి. గింజలు వాకిలంతా చెదిరిపోయాయి.

"కాళ్ళ కింద తిండి పెట్టుకుని ఏం గీరుతాండారే? మెదడుందా మీకు?" అని కసిరింది ఓబుళమ్మ.

"మెదడు ఎదిగే రోజుల్లోనే పస్తులున్నాయి కదవ్వా," అంది నల్లపెట్ట మెల్లగా. "అప్పుడు వాటికి తెలిసింది 'లేదు' ఒక్కటే. ఇప్పుడు పొట్ట నిండినా, 'చాలు' అనడం ఆ తలకు రావడంలేదు."

ఓబుళమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఏడాది పొడుగునా కడుపునిండా పెట్టింది. అయినా అవి గీరుతూనే ఉన్నాయి. ఆ తర్వాత వాటికి పుట్టిన పిల్లలకు, అవ్వ తను గంజి తాగకముందే నూకలు చల్లేది. కానీ ఆ పిల్లలకు తిండి తినడం నేర్పింది, పస్తుల్లో గీరుతూ పెరిగిన ఆ తల్లులే మరి.

అప్పటినుంచే గింజల కుప్ప మీద నిలబెట్టినా కోడి గీరుతుంది. దాన్ని తిండిపోతు అనకండి. దాని కాళ్ళకు ఆ కరువు ఇంకా తీరలేదు.